ఫిన్‌బోగి గాలి

స్కెల్విక్ ఊళ్లో ఎవరి బండి చక్రం మెత్తబడినా, పెట్రోలు బంకులో గాలి గొట్టం నిక్షేపంగా ఉన్నా సరే, జనం స్టీరింగు ఫిన్‌బోగి ఇంటి వైపే తిప్పుతారు. బంకు గాలికీ ఫిన్‌బోగి గాలికీ తేడా ఏమిటని అడిగితే ఎవరూ చెప్పలేరు. గాలి గాలే. కానీ బంకులో కాఫీ ఇవ్వరు.

ఫిన్‌బోగికి అరవై దాటాయి. చేపల ఫ్యాక్టరీలో చల్లగదుల యంత్రాలు చూసుకుంటాడు. మాట తక్కువ మనిషి. పెళ్లాం స్వాలా ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఆ కొరత ఎవరికీ తెలియలేదు. ఇద్దరి వాటా మాటలూ ఆవిడే మాట్లాడేసేది. కిందటి మే నెలలో ఆవిడ పోయింది. మంచు కరిగి గొర్రెలు ఈనుతున్న రోజుల్లో, ఊరంతా పనిలో ఉండగా, ఎవరికీ ఇబ్బంది కలిగించకూడదన్నట్టు నాలుగు రోజుల జబ్బుతో పోయింది.

ఫిన్‌బోగి ఏడవలేదు. ఏడవనందుకు సిగ్గుపడనూ లేదు. పళ్ల డాక్టరు సూది పొడిచాక దవడ ఎలా ఉంటుందో, ఆ మనిషికి ఒళ్లంతా అలా ఉండేది. కొరుక్కున్నా తెలియదు. పొద్దున్న లేచేవాడు, ఫ్యాక్టరీకి పోయేవాడు, వచ్చి వండుకునేవాడు. స్వాలా తమ్ముడు ఓర్ముర్ ఒకనాడు భోజనానికొచ్చాడు. బడిలో పిల్లలకి ఈత నేర్పే మాస్టారతను. చేపా బంగాళాదుంపా కలిపి మెదిపిన కూర ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"బావా, ఇది వండావా, సముద్రంలోంచి నేరుగా ముంచుకొచ్చావా?"

"ఉప్పెక్కువైందా?"

"నువ్వు తిన్నావు కదా, నీకు తెలియలేదూ?"

"ఏమో. వేడిగా ఉంది కదా అని తిన్నాను."

అది వేడిగా కూడా లేదు. ఆ మాట ఓర్ముర్ పైకి అనలేదు. కళ్లనీళ్లు పెట్టుకుంటూ ప్లేటు ఖాళీ చేసి, రెండు చెంబుల నీళ్లు తాగి వెళ్లాడు. బావమరుదుల ప్రేమ అలాంటిది.

ఊరికి ఒక రక్షక దళం ఉంది. జీతాలు లేని పని. కొండ మీద మంచులో ఎవరు దిగబడినా, పడవ రాళ్లెక్కినా, తుఫానుకి ఎవరి కప్పు రేకులు లేచినా వీళ్లే పరుగెత్తాలి. దళానికి ఒక పెద్ద జీపు. నడుమెత్తు చక్రాలు. దాన్ని నడిపేది ఫిన్‌బోగి. తాళాలు వాళ్లింట్లో వంటింటి మేకుకే వేలాడతాయి, షెడ్డుకి దగ్గరి ఇల్లు అదే గనక. స్వాలా పోయాక ఆ ఇంట్లో ఫోను మోగడమంటూ జరిగితే ఆ తాళాల కోసమే మోగేది. మిగతా లోకానికి అతనితో పని లేదు. అతనికీ లోకంతో పని లేదు.

జీపుకి ఉన్న గొప్పంతా గాలిలోనే ఉంది. మెత్తటి మంచు మీద పోవాలంటే చక్రాల్లో గాలి తీసేయాలి. పౌండ్ల లెక్కన మూడో నాలుగో ఉంచితే చక్రం బాతు పాదంలా పరుచుకుని పైపైన తేలుతూ పోతుంది. మళ్లీ రోడ్డెక్కగానే నింపాలి. నింపకుండా తారు రోడ్డు మీద ఉరికిస్తే రబ్బరు కాగి, పెళుసై, చక్రం చస్తుంది. తీయడం ఎవడైనా తీస్తాడు. నింపడంలోనే మనిషి బయటపడతాడని ఆ ఊరి నమ్మకం.

పాల బండి తోలే స్కాఫ్తి తన జీపుకి కొత్త ఏర్పాటు చేయించాడు. ఇరుసు దగ్గర్నుంచి సన్న గొట్టాలు, లోపల మీటలు. ఎండుచేప నములుతూ మీట నొక్కితే చక్రాలు వాటంతటవే పొంగుతాయి. "గాలి కొట్టుకోడానికి కిందికి దిగనివాడు కొండెక్కి ఏం చూస్తాడట?" అనేవాడు ఫిన్‌బోగి. దళం పెద్ద యోరున్ అనే ఆవిడ, గాలి కూరిన ఉక్కు సిలిండరుని నమ్మేది. బుస్సుమని నిమిషంలో నింపేస్తుంది, కానీ అయిపోతే అయిపోయినట్టే, ఇనప దిమ్మ. ఇక ఓర్ముర్ దగ్గర ఒక గాలి డబ్బా ఉండేది. రొట్టె దిమ్మంత. బ్యాటరీకి తగిలిస్తే జలుబు చేసిన ముసలాయన ముక్కు చీదినట్టు రొద చేస్తూ, పెద్ద చక్రానికి అరగంట తీసుకునేది. దాన్ని చూసినప్పుడల్లా ఫిన్‌బోగి, "దానికో తుండుగుడ్డ ఇవ్వరా పాపం," అనేవాడు.

ఫిన్‌బోగిది వేరే రకం. తుక్కు కింద వచ్చిన ఒక కారు ఏసీ యంత్రాన్ని విప్పి, దళం జీపు ఇంజనుకే బిగించి, బెల్టు తొడిగి, గాలి పీల్చి ఊదేట్టు మార్చాడు. ఆ చలిదేశంలో కారుకి ఏసీ అంటే కప్పకి గొడుగు. పనికిరాని వస్తువుని పనికి పెట్టాడు కదా అని ఊరంతా మెచ్చుకుంది. ఇంజను తిరుగుతున్నంతసేపూ గాలికి లోటు లేదు. బండికి ముందొక గాలి నోరు, వెనకొక నోరు. ముందు నోటికి పొడుగాటి పసుపు గొట్టం. వెనక నోటికి పొట్టిది.

మంచు అయిపోయి రోడ్డు మొదలయ్యే చోటుని వాళ్లు గీత అంటారు. కొండ దిగిన బళ్లన్నీ గీత దగ్గర ఆగుతాయి. ఫిన్‌బోగి పసుపు గొట్టం పట్టుకుని ఒక్కో బండీ చుట్టి వస్తాడు. మిగతావాళ్లు బానెట్ల మీద మెలితిప్పిన తీపి క్లైనూర్లు పరిచి, ఫ్లాస్కుల్లో కాఫీ ఒంపుకుంటారు. చివరి చక్రం గట్టిపడేదాకా ఎవరూ కదలకూడదు. అది ఆచారం. ఆఖర్న ఫిన్‌బోగి గొట్టం చుట్టుకుని అందరికంటే వెనక బయల్దేరతాడు. అదీ ఆచారమే.

ఫిబ్రవరిలో ఒక సంగతి జరిగింది. కనుమ మీద ఎవరో దిగబడ్డారని ఫోను వస్తే, దళమంతా వంతెన దగ్గర చేరి చూస్తోంది, జీపు రాదు. యోరున్ షెడ్డుకి పోయి చూస్తే ఫిన్‌బోగి సీటు బెల్టు పెట్టుకుని, చేతి తొడుగులు వేసుకుని, ఇంజను వేయకుండా స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"బయల్దేరాననుకున్నాను," అన్నాడు.

యోరున్ పశువుల డాక్టరు. కుంటుతున్న గుర్రం కుంటడం లేదని యజమాని ఎంత వాదించినా, తిప్పి నడిపించి తన కళ్లతో చూస్తే గానీ ఒప్పుకోదు. ఏప్రిల్ ట్రిప్పుకి ముందు నేరుగా చెప్పేసింది.

"ఫిన్‌బోగీ, కొండ మీదున్న మన బసకి గ్యాసు బండలూ మంచాల చెక్కలూ చేర్చాలి. నువ్వే తోలు. నేను స్కాఫ్తి బండిలో వస్తాను."

"నా పక్కన చోటుందిగా."

"పక్కన కూర్చుంటే బుద్ధిగా తోలతావు. దూరం నుంచి చూస్తాను. దిగి వచ్చాక తాళాలు నీ మేకుకి ఉంటాయో నా మేకుకి ఉంటాయో చెప్తాను."

"సరే," అన్నాడు. భయం వేయాలి కదా అనుకున్నాడు. ఎక్కడా వేయలేదు.

ఆ రోజు మూడు బళ్లు పోయాయి. స్వాలా పోయాక దళం జీపు మంచెక్కడం అదే మొదలు. ముందు ఫిన్‌బోగి, వెనక స్కాఫ్తి, ఆ వెనక ఓర్ముర్ చిన్న జీపు. ఫిన్‌బోగి తోలిన తోలుడుకి వంక పెట్టడానికి లేదు. వాగు మీద పల్చటి మంచు దగ్గర దిగి కర్రతో పొడిచి చూశాడు. ఏటవాలులో ఓర్ముర్ జారితే తాడు వేసి లాగాడు. చెక్కలు దింపారు, గ్యాసు బిగించారు. యోరున్ తన ఉక్కు సిలిండరుని ఎవరికైనా అక్కరకొస్తుందని పైన బసలోనే వదిలేసింది. దిగేటప్పుడు స్కాఫ్తితో, "మనిషి బానే ఉన్నాడే," అంది కూడా.

గీత దగ్గరికొచ్చేసరికి మంచు అడ్డంగా కురవడం మొదలెట్టింది. బానెట్ల మీద క్లైనూర్లు పెట్టే వీలు లేక ఎవరి బండిలో వాళ్లు ముడుచుకున్నారు. ఫిన్‌బోగి ఒక్కడే పసుపు గొట్టంతో బయట. ఓర్ముర్ చక్రాలు నాలుగూ నింపాడు. స్కాఫ్తి మీటలు మూడు చక్రాలకి పని చేసి, నాలుగోదాని దగ్గర గొట్టంలో నీరు గడ్డకట్టి మొరాయించాయి. అద్దం దించి తల బయటపెట్టాడు.

"నవ్వకు, ఫిన్‌బోగీ."

"నవ్వడం లేదు."

నిజంగానే నవ్వకుండా ఆ చక్రమూ నింపేశాడు. అదే స్కాఫ్తికి బాధగా తోచింది. పోయినేడాదైతే ఈ నాలుగో చక్రం మీద ఎండాకాలమంతా నడిచే జోకొకటి పుట్టి ఉండేది.

యోరున్ తలుపు సందులోంచి అరిచింది. "అన్నీ అయ్యాయా?"

"అన్నీ అయ్యాయి," అన్నాడు ఫిన్‌బోగి.

రెండు బళ్లూ కదిలాయి. దళం జీపు చక్రాల వైపు ఎవరూ చూడలేదు. డాక్టరు నాడి ఎవరు పట్టి చూస్తారు? ఫిన్‌బోగి కాసేపు మంచులో నిలబడ్డాడు. ఇంకేదో ఉందనిపించింది. ఏమిటో అందలేదు. బండెక్కి కూర్చుని, అందరి వెనకాల బయల్దేరాడు.

చక్రాల్లో గాలి లేదని తోలేవాడికి కళ్లతో చూసి తెలియనక్కర్లేదు. కూర్చున్న చోటే చెబుతుంది. బండి పరుపు మీద పందిలా దొర్లుతుంది, స్టీరింగు మాట వినదు, మలుపులో ఒళ్లు పక్కకి ఒరుగుతుంది. లైసెన్సు వచ్చి నెల కానివాడు కూడా ఆపి దిగుతాడు. ఫిన్‌బోగి లోయ పొడుగునా అలాగే తోలుకుంటూ వచ్చాడు. స్టీరింగు బరువుగా ఉంది, ఎదురుగాలి కదా అనుకున్నాడు. ఏదో కాలిన వాసన, ఎవరో పాత తుక్కు తగలబెడుతున్నారనుకున్నాడు. ఆ లోయలో నరమానవుడు ఉండడు.

నాలుగు దారులు కలిసే చోట ఒక దుకాణం ఉంది. కొండ దిగినవాళ్లు అక్కడ ఆగి, వేయించిన ఉల్లిపాయలు దండిగా వేసిన సాసేజి రొట్టె తినకుండా ఇంటికి పోరు. యోరున్, స్కాఫ్తి, ఓర్ముర్ ముగ్గురూ రొట్టెలు పట్టుకుని కిటికీ అద్దం దగ్గర నిలబడి ఉండగా దళం జీపు వచ్చింది. పొట్ట నేలకి ఆనించి, తప్పతాగిన బాతులా అటూ ఇటూ ఊగుతూ వచ్చింది. దాని వెనకాల పసుపు గొట్టం రోడ్డు మీద ఎగిరి ఎగిరి పడుతూ వచ్చింది.

నములుతున్న నోళ్లు ఆగిపోయాయి.

ఫిన్‌బోగి లోపలికొచ్చి మంచు దులుపుకుని, "నాకూ ఒకటి, అన్నీ వేసి," అన్నాడు.

చివరికి స్కాఫ్తి ఉండబట్టలేక, "ఫిన్‌బోగీ, కుక్కని పెంచుకుంటున్నావా?" అన్నాడు.

"ఏ కుక్క?"

"పసుపు పచ్చది. పొడుగ్గా ఉంది. బండికి కట్టేసుకొచ్చావు, పాపం లోయంతా పరిగెత్తించావు."

ఫిన్‌బోగి అద్దంలోంచి చూశాడు. ముందు గొట్టం కనిపించింది. తర్వాత చక్రాలు. చక్రాల మీద పడిన మంచు పడ్డది పడ్డట్టు ఆవిరైపోతోంది.

యోరున్ రొట్టె పక్కన పెట్టి బయటికి నడిచింది. చక్రాలు కాగాయే గానీ ఇంకా చీలలేదు. బానెట్టు ఎత్తారు. గాలి స్విచ్చి ఆపలేదు. గొట్టం కొస ఎక్కడో రాయికి తగిలి ఊడిపోయింది. నోరు తెరుచుకున్న గొట్టంలోంచి యంత్రం లోయంతా ఊదుతూ ఊదుతూ, నూనె ఎండిపోయి, బిగుసుకుపోయి, బెల్టు తెంపుకుంది. చల్లగదుల మెకానిక్కి వివరించి చెప్పక్కర్లేదు. చెయ్యి పెట్టి చూసి, "పోయింది," అన్నాడు. పిల్లి పాలు తాగేసిందన్నంత మామూలుగా.

స్కాఫ్తి మీటల గొట్టాలు తన చక్రాలు దాటి రావు. సిలిండరు కొండ మీద. దుకాణంవాడి గాలి గొట్టం చలికాలం గడ్డకడుతోందని విప్పి ఎక్కడో దాచారు, దాచినవాడు సెలవులో ఉన్నాడు. అందరూ ఓర్ముర్ వైపు చూశారు. ఓర్ముర్ నేల వైపు చూశాడు. ఇలాంటి రోజు కోసం ఏళ్లుగా కలలు కన్నవాడు, తీరా వచ్చాక ఎలా నిలబడాలో తెలియక, నెమ్మదిగా పోయి రొట్టె దిమ్మంత డబ్బా తెచ్చాడు.

"తుండుగుడ్డ తేలేదు, బావా," అన్నాడు.

ఫిన్‌బోగి మూతి కొంచెం కదిలింది. నవ్వో, చలో.

స్కాఫ్తి పాల బండి పని ఉందని వెళ్లిపోయాడు. యోరున్ లోపల కిటికీ దగ్గర కాఫీ పట్టుకుని కూర్చుంది. బావా బావమరుదులిద్దరూ జీపు చాటున, గాలి తగలని పక్కన, చక్రం ముందు గొంతుక్కూర్చున్నారు. డబ్బా ముక్కు చీదడం మొదలెట్టింది. ముల్లు చూస్తే కదులుతోందో లేదో తెలియదు.

"నాలుగు చక్రాలు," అన్నాడు ఓర్ముర్. "మధ్యలో దీనికి ఒళ్లు కాగితే ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ మొదలు."

"కానీ."

రొద మధ్యలోనే ఫిన్‌బోగి అడిగాడు.

"ఓర్ముర్, ఇన్నేళ్లూ మా చక్రాలకి గాలి ఎవరు కొట్టేవారురా?"

ఓర్ముర్ తలెత్తాడు. ఎకసెక్కం అనుకున్నాడు, కాదని మొహం చూస్తే తెలిసింది.

"అక్క కొట్టేది."

"ఎప్పుడు?"

"నువ్వు ఊరందరికీ కొట్టి పొగడ్తలు తింటున్నప్పుడు. వెనక నోటికి పొట్టి గొట్టం తగిలించి కొట్టేది. నువ్వు పసుపు గొట్టం చుట్టుకునేటప్పటికి తన పని అయిపోయేది. బానెట్టు మీద రెండు దెబ్బలు వేసి, 'మనవి అయ్యాయి, పద మహారాజా' అనేది. నీకు వినబడలేదూ?"

వినబడింది. ప్రతిసారీ వినబడింది. ఆ రెండు దెబ్బలకి అర్థం 'ఇక పోదాం, చలేస్తోంది' అనుకున్నాడు అంతే. వెనక తలుపు తీసి చూశాడు. పొట్టి గొట్టం కొక్కేనికి ఉంది, పాత మేజోడు ముక్కతో ముడి వేసి. ఎర్ర మేజోడు. ఆ ముడి ఏడాదిగా ఎవరూ విప్పలేదు. చూశాడు, తలుపు వేశాడు. ఏమీ కాలేదు. ఏమైనా అవుతుందేమోనని కాసేపు నిలబడి చూశాడు కూడా.

మొదటి చక్రం పూర్తయింది. ఓర్ముర్ గడ్డకట్టిన కాళ్లు విదిలించుకుంటూ, "నువ్వు తీసి రెండోదానికి పెట్టు. ఆ కొస ఇత్తడిది, వేడిగా ఉంటుంది, జాగ్రత్త," అన్నాడు.

ఫిన్‌బోగి విన్నాడు. విని, తొడుగు లేని చేత్తో ఆ ఇత్తడి కొసని నిండుగా పట్టుకున్నాడు. పట్టుకుని, మరలు తిప్పుతూనే ఉన్నాడు. ఓర్ముర్ చూస్తున్నాడు. ఇంకా తిప్పుతున్నాడు.

"అబ్బా!"

ఎంత గట్టిగా అరిచాడంటే దుకాణం లోపల ఉల్లిపాయలు వేయిస్తున్నామె గరిటె పడేసింది. ఫిన్‌బోగి గొట్టం విసిరికొట్టి, చెయ్యి చంకలో పెట్టుకుని గిర్రున తిరిగాడు. తర్వాత వరసగా తిట్లు. డబ్బాని, డబ్బా చేసినవాణ్ని, కొన్నవాణ్ని, ఈత నేర్పే మాస్టార్లందర్నీ, మంచునీ, ఆ తర్వాత ఎవర్ని తిడుతున్నాడో తెలియని కొన్ని.

"వేడిగా ఉంటుందని చెప్పాను కదా, బావా!"

"చెప్పావు! చెప్తే చెప్పావు! కాలింది కదరా!"

"కాలదా మరి!"

కొంచెం సేపు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓర్ముర్ వంగి డబ్బా మీద పడిన మంచు తుడిచాడు.

యోరున్ బయటికొచ్చి, ఫిన్‌బోగి వేళ్లు పట్టుకుని గుర్రం గిట్ట చూసినట్టు తిప్పి చూసింది. కాగితం గ్లాసు నిండా మంచు కూరి, అందులో వేళ్లు ముంచమంది. అప్పుడు రెండో చెయ్యి చాచింది.

"తాళాలు."

ఫిన్‌బోగి ఎడం చేత్తో తడుముకుని తీసి ఇచ్చాడు. తొందరలో ఇంటి తాళం కూడా ఇచ్చేశాడు. ఆవిడ వేరు చేసి అది తిరిగి ఇచ్చింది.

"చక్రాలు మర్చిపోయినందుకు కాదు. చక్రాలు ఎవరైనా మర్చిపోతారు. 'అన్నీ అయ్యాయా' అంటే 'అయ్యాయి' అన్నావు చూడు, అందుకు."

"అబద్ధం చెప్పలేదు, యోరున్. అయ్యాయనే అనుకున్నాను."

"అదే నా భయం."

మిగతా మూడు చక్రాలూ ఓర్ముర్ ఒక్కడే కొట్టాడు. డబ్బా ఒకసారి ఒళ్లు కాగి ఆగితే దాని పక్కన నిలబడి ఊదాడు కూడా. పని పూర్తయ్యేసరికి కొండల మీద వెలుగు పసుపుబారింది. యోరున్ చక్రాలన్నీ చుట్టూ తిరిగి తట్టి చూసి, స్టీరింగు ముందు కూర్చుంది. ఫిన్‌బోగి అలవాటుగా అటువైపే నడిచి, తలుపు దాకా వచ్చి, ఆగి, చుట్టూ తిరిగి రెండో పక్క ఎక్కాడు.

ఆ సీటు ఇంకా ముందుకి జరిపే ఉంది. స్వాలా పొట్టి మనిషి. అతని మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి గుద్దుకున్నాయి. సీటు వెనక్కి జరుపుకునే మీట ఎక్కడుందో అతనికి తెలియనిది కాదు. జరుపుకోలేదు. మోకాళ్లు ముడుచుకుని, మంచు గ్లాసులో వేళ్లు పెట్టుకుని, బడికి తీసుకుపోతున్న పిల్లాడిలా కూర్చున్నాడు.

ఊరి దీపాలు కనబడ్డాయి.

"నొప్పిగా ఉందా?" అంది యోరున్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఏదైనా ఉందో లేదో లోపలికి వెతుక్కుని చెప్పడం ఫిన్‌బోగికి అలవాటు తప్పి చాలా రోజులైంది.

"ఉంది," అన్నాడు.

వంతెన వచ్చింది. వంతెన దాటారు. చేపల ఫ్యాక్టరీ దాటారు. ఇంటి మలుపులో ఆవిడ గేరు మారుస్తుంటే, గ్లాసులోని మంచు వైపు చూస్తూ, "తాళాల నొప్పి కూడా," అన్నాడు.